బొంత మీద అక్షరాలు.. గిన్నెలో ఖర్బూజ ముక్కలు!

ఒక చిన్న ఆట ఆడదాం. ఫోన్ స్క్రీన్ మీదే వేలు పెట్టి 'ట' రాయండి. వేలు ఎత్తకుండా మొదటి నుంచి చివరిదాకా వచ్చేస్తుంది. 'ల' రాయండి. అదీ అంతే. ఇప్పుడు 'క' రాయండి. కింది భాగం అయ్యాక వేలు ఎత్తి, పైకి తీసుకెళ్లి తలకట్టు పెట్టారు కదా?

పెన్నుతో రాసేటప్పుడు ఆ ఎత్తడాన్ని మనం పట్టించుకోం. పెన్ను బదులు నడుస్తున్న కుట్టు మిషన్ ఉంటే మాత్రం అదే పెద్ద తలనొప్పి. మిషన్ ఆపాలి, సూది ఎత్తాలి, బట్ట జరపాలి, కొత్త చోట సూది దించాలి. మధ్యలో వేలాడే దారం కత్తిరించాలి. రెండు కొసలూ ఊడిపోకుండా ముడి వేయాలి. ఒక్క తలకట్టుకి ఇంత పని. అందుకే బట్ట మీద అక్షరాలు కుట్టేవాళ్లు అక్షరాన్ని మనలా చూడరు. దారిలా చూస్తారు. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ తేలాలి, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎలా వెళ్లాలి అని.

జావా కోడ్ రాసుకునే నాకు ఈ గోల ఎందుకంటారా? మా అక్కకు పాప పుట్టబోతోంది. ఉండేది డల్లాస్ దగ్గర. అక్కడ ముందే చెప్పేస్తారు కాబట్టి పాపే అని ఇంట్లో అందరికీ తెలుసు. పురుడు పోయడానికి అమ్మ జూన్‌లో వెళ్తోంది. "పిల్లకు బొంత లేకుండా ఎట్ల పోతావు?" అని మా జేజి పాత చీరల మూట విప్పింది. (కడప జిల్లాలో మేము నాయనమ్మను జేజి అంటాం.) ఆమెది సిద్ధవటానికి దగ్గర్లో, పెన్న ఒడ్డున ఉన్న ఊరు. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఈ ఎండాకాలం నేనూ అక్కడే మకాం. బొంత మీద అ ఆ ఇ ఈలు, పక్కన 1 2 3లు కుడతానని నేను చెప్పగానే జేజి నన్ను పైకీ కిందకీ చూసింది.

"అది బొంతనా? పలకనా?"

బొంత లాజిక్ ఇదీ

మింక్ బ్లాంకెట్ తప్ప ఇంకేం చూడని వాళ్ల కోసం చెప్తున్నా. బొంత అంటే పాత నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి కలిపి కుట్టిన పరుపు లాంటి దుప్పటి. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన చీర అయితేనే పసిపిల్లల ఒంటికి గుచ్చుకోదు. కొత్త బట్టతో కుడితే ఆ మెత్తదనం రాదు. ఇదేమీ మన ఒక్కరి సొత్తు కాదు. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది. చిరిగిన చీరను పారేయలేని ఆడవాళ్లు ఉన్న ప్రతిచోటా ఏదో ఒక పేరుతో బొంత ఉంది.

ఇందులో అసలు విషయం పొరలు కాదు, వాటిని పట్టి ఉంచే కుట్టు. బయట కనిపించే ఆ సన్నటి వరసలు లేకపోతే నాలుగు ఉతుకుల్లో లోపలి చీరలన్నీ ఒక మూలకి చేరి ఉండలు కడతాయి. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం ఎక్కువైనా అదే గతి. అందుకే జేజి పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి, వరస వెనుక వరస, వేలెడు దూరం కూడా వదలకుండా కుడుతుంది.

నా ఆలోచనంతా ఇక్కడి నుంచే మొదలైంది. షర్టు జేబు మీద పేరు ఎంబ్రాయిడరీ చేస్తే ఆ పేరు ఉన్నా లేకపోయినా షర్టుకు ఫరక్ పడదు. బొంత మీద అక్షరం అలా కాదు. మూడు పొరలనూ గుచ్చుకుంటూ వెళ్లే దారమే అక్షరం అయినప్పుడు, ఆ అక్షరాన్ని విప్పేస్తే అక్కడ బొంత విడిపోతుంది. అంటే 'అ' అక్కడ బొమ్మ కాదు, పనిలో ఉన్న ఉద్యోగి. అలంకారానికి పెట్టిన కోడ్ వేరు, తీసేస్తే యాప్ క్రాష్ అయ్యే కోడ్ వేరు!

జేజి దీనికి ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. నడిమధ్య భాగం నాది, అంచుల వరసలు ఆమెవి. మిషన్ కుట్టు అంచుల దగ్గర పడితే బొంత అట్టలా బిగుసుకుపోతుందట. ఉతికాక చూస్తే నిజమే అనిపించింది.

సూదితో రాయడం

మామూలుగా మిషన్ కుట్టేటప్పుడు సూది కింద ఉండే చిన్న పళ్లు బట్టను ముందుకు లాగుతుంటాయి. కుట్టు పొడవు అవే చూసుకుంటాయి. అక్షరాలు కుట్టాలంటే ఆ పళ్లను కిందకి దించేయాలి. కొన్ని మిషన్లకు స్క్రూ ఉంటుంది, కొన్నింటికి పళ్ల మీద ఒక ప్లేటు మూసేస్తారు. మామూలు ఫుట్ తీసేసి డార్నింగ్ ఫుట్ బిగించాలి. ఇక బట్ట మీ ఇష్టం. ముందుకు, వెనక్కి, పక్కకు, గుండ్రంగా ఎటైనా తిప్పొచ్చు. సూది ఒక్కచోటే పైకీ కిందకీ ఆడుతుంటుంది, మీరు దాని కింద కాగితాన్ని కదుపుతుంటారు. రాయడం అంటే పెన్ను కదపడం అని అలవాటైన చేతికి ఇది తలకిందుల వ్యవహారం. ఇంగ్లిష్‌లో దీన్ని ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటారు. పేర్లు కుట్టే మన మిషన్ ఎంబ్రాయిడరీ టైలర్లు రింగు బిగించి ఇదే పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. వాళ్లలో చాలామందికి ఆ డార్నింగ్ ఫుట్ కూడా అక్కర్లేదు. మీరు మాత్రం ఫుట్ తీయకండి, వేళ్లు మనవే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. సూది నిమిషానికి 600 సార్లు ఆడుతోందనుకుందాం. అంటే సెకనుకి 10. అంగుళానికి 10 కుట్లు పడితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అలా పడాలంటే మీ చెయ్యి సెకనుకి సరిగ్గా ఒక అంగుళం కదలాలి. చెయ్యి తొందరపడితే కుట్లు సాగి కాలి వేళ్లకి తగులుకుంటాయి. చెయ్యి నిదానిస్తే ఒకేచోట కుట్లు ముద్ద అవుతాయి. వీడియోలో ఫ్రేమ్ రేట్ లాంటిదే. మలుపుల దగ్గర చెయ్యి దానంతటదే నిదానిస్తుంది కాబట్టి కాలు కూడా నిదానించాలి. కాలికీ చేతికీ మధ్య ఈ ఒప్పందం కుదరడానికి ఎవరికైనా కొన్ని సాయంత్రాలు పడుతుంది. దీనికి కాలితో తొక్కే పాత మిషన్ భేషుగ్గా పనికొస్తుంది. చేతి మిషన్ పనికిరాదు. ఒక చెయ్యి చక్రం తిప్పుతుంటే బట్టను కదిపేది ఎవరు?

మిగతావి గబగబా చెప్పేస్తా. పొరలు మూడు చాలు, అంతకంటే మందమైతే ఇంట్లో మిషన్ మొరాయిస్తుంది. 14 లేదా 16 నంబర్ సూది వాడండి. పొరలు జరక్కుండా జానెడు దూరానికో పిన్నీసు పెట్టండి. మధ్య నుంచి మొదలెట్టి బయటికి రండి. మొదలుపెట్టే ముందు బాబిన్ దారాన్ని పైకి లాగి పట్టుకుని, ఉన్నచోటే మూడు నాలుగు చిన్న కుట్లు వేస్తే ముడి పడినట్టే. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ అక్షరం కుట్టాలనుకుంటున్నారో దాన్ని ముందు పెన్సిల్‌తో కాగితం మీద చెయ్యెత్తకుండా ఓ యాభై సార్లు గీయండి. చేతికి దారి తెలిస్తే సూదికి తెలిసినట్టే.

అక్షరంలో ఆయిలర్

బీటెక్ రెండో సంవత్సరంలో డిస్క్రీట్ మ్యాథ్స్ చదివేటప్పుడు 'ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది సార్' అని వెనక బెంచీలో నవ్వుకున్న వాళ్లందరికీ ఈ పేరా అంకితం.

కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్లో (ఇప్పుడు అది రష్యాలోని కలినిన్‌గ్రాడ్) నది మీద 7 వంతెనలు ఉండేవి. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా అన్నింటినీ ఒకే నడకలో చుట్టి రావచ్చా? రాలేమని లియొన్హార్డ్ ఆయిలర్ 1736లో తేల్చాడు. ఆయన సూత్రాన్ని కుట్టు భాషలో చెప్తే ఇలా ఉంటుంది. ఒక బొమ్మలో గీతలు కలిసే చోట్లు, గీతల కొసలు అన్నీ చూడండి. ఒక్కో చోట ఎన్ని గీతలు చేరుతున్నాయో లెక్కపెట్టండి. బేసి సంఖ్య వచ్చే చోట్లు అసలు లేకపోయినా, లేదా సరిగ్గా రెండే ఉన్నా, ఆ బొమ్మను సూది ఎత్తకుండా, కుట్టిన చోట మళ్లీ కుట్టకుండా పూర్తి చేయొచ్చు. అంతకంటే ఎక్కువ ఉంటే కుదరదు. బొమ్మంతా ఒకే ముక్కగా ఉండాలన్నది మాత్రం మర్చిపోవద్దు.

8 చూడండి. నడుము దగ్గర నాలుగు గీతలు కలుస్తాయి, అది సరి. ఇంకెక్కడా తేడా లేదు. ఎక్కడ మొదలెట్టినా అక్కడికే తిరిగి రావచ్చు. 4 చూస్తే కష్టంగా కనిపిస్తుంది కానీ కొసలు రెండే. కుడి చివర మొదలెట్టి, అడ్డంగా ఎడమకి వచ్చి, ఏటవాలుగా పైకెక్కి, నిలువుగా దిగిపోండి, అయిపోయింది. ఇంగ్లిష్ 'ఎ'కి మాత్రం రెండు కాళ్ల కొసలు, అడ్డగీత తగిలే రెండు చోట్లు కలిపి నాలుగు బేసి చోట్లు. ఎక్కడో ఒకచోట వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. పెద్దక్షరం 'ఇ'దీ అదే లెక్క, 'హెచ్' అయితే ఇంకా ఘోరం. అందుకే అమెరికాలో క్విల్ట్ కుట్టేవాళ్లు ఎక్కువగా కలిపిరాత అక్షరాలనే ఎంచుకుంటారు.

ఇక మన తెలుగు. గుండ్రంగా తిరిగే ఈ అక్షరాలు సూది కోసమే పుట్టాయా అనిపిస్తుంది. తాటాకు మీద గంటంతో నిలువు, అడ్డం గీతలు గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన లిపి ఇలా గుండ్రంగా తిరిగిందని అంటారు కదా. ఆ వంపులే ఇప్పుడు మిషన్ కింద జారిపోతుంటాయి. అచ్చులకు తలకట్టే ఉండదు, కాబట్టి అ నుంచి మొదలుపెట్టడం ఎంతో హాయి. హల్లుల్లో తలకట్టు లేనివి ఖ, జ, ట, ణ, బ, ల, ఱ, ఇంకా మనం ఎప్పుడూ రాయని ఙ, ఞ. మిగతావాటికి సూది ఎత్తాల్సిందే, లేదా వచ్చిన గీత మీదే ఒకసారి వెనక్కి నడిచి తలకట్టు దగ్గరికి చేరాలి. వత్తులు, 'థ' కడుపులో చుక్క లాంటివి విడి దీవులు. వాటి దగ్గరికి ఆయిలర్ కూడా వంతెన వేయలేడు.

తెలుగు అంకెలు మరీ అందంగా కుదురుతాయి. ౧, ౨, ౩, ౭, ౯. చెయ్యెత్తే పనే లేదు. పాత పుస్తకాల పేజీ నంబర్లలో తప్ప ఎక్కడా కనిపించని ఈ అంకెలను మా మేనకోడలి బొంత మీద ఒక వరస కుట్టాను. పాప పెద్దయ్యాక అవేంటని అడిగితే అక్క గూగుల్ చేయాలి, తప్పదు.

మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వెల్

మే నెల కడపలో మధ్యాహ్నం బొంత పని ముందుకు సాగదు. చేతికి చెమట పట్టి బట్ట జారదు, మిషన్ ఇనుము చురుక్కుమంటుంది. మూడింటికి జేజి కత్తిపీట వేస్తుంది. ఆ రోజు దొరికినదాన్ని బట్టి ఖర్బూజ, పుచ్చకాయ లేదా దోసపండు.

ఒకప్పుడు సిద్ధవటం పేరు చెప్తే దోసపండ్లు గుర్తొచ్చేవి. వరదలు తగ్గాక పెన్న ఇసుకలో గుంతలు తీసి, ఎరువు వేసి, గింజలు నాటేవాళ్లు. తడి ఇసుక కిందే ఉంటుంది కాబట్టి తీగ బతికేది. ఎండలు ముదిరే వేళకి కాపు వచ్చేది. జేజి పెళ్లయిన కొత్తలో గంప నెత్తిన పెట్టుకుని ఆ పండ్లు అమ్మింది. ఆమె ముందు ఖర్బూజ కొనడం అంటే సీనియర్ ముందు కోడ్ రివ్యూకి కూర్చున్నట్టే.

ఆమె చూసేవి రెండే. ఒకటి తొడిమ. ఖర్బూజ పూర్తిగా పండితే తొడిమ దగ్గర చుట్టూ సన్నగా పగులు వచ్చి, కాయ దానంతటదే తీగ నుంచి విడిపోతుంది. అక్కడ శుభ్రంగా చిన్న గుంట మిగులుతుంది. తొడిమ ముక్క ఇంకా అంటుకుని ఉంటే పచ్చిగా ఉన్నప్పుడే కోశారని అర్థం. మృత్యుంజయ మంత్రంలో దోసపండు పోలిక వచ్చేది ఇందుకే. పండాక లాగక్కర్లేదు, అదే వదిలేస్తుంది. రెండోది వాసన. తొడిమకి అవతలి వైపు ముక్కు పెడితే తియ్యటి వాసన రావాలి. ఇంటికి తెచ్చి నాలుగు రోజులు ఉంచితే మెత్తబడుతుంది కానీ తీపి పెరగదు. దాచుకున్న పిండి పదార్థం లేని కాయ అది, చక్కెరంతా తీగ మీద ఉన్నప్పుడే ఎక్కాలి. పుచ్చకాయకి ఈ తొడిమ లెక్క వర్తించదు. దానికి నేల తగిలిన వైపు మచ్చ తెల్లగా కాకుండా పసుపు రంగులో ఉందా అని చూడాలి.

ఖర్బూజ పైన ఆ గరుకు వల గమనించారా? కాయ లోపల గబగబా పెరుగుతుంటే పైతోలు ఆ వేగాన్ని అందుకోలేక సన్నగా పగులుతుంది. ప్రతి పగులునూ కాయ బెరడు లాంటి పదార్థంతో పూడ్చుకుంటుంది. మనం చూసే వలంతా ఆ మానిన గీతలే. చిరిగినచోటల్లా తనను తాను రఫ్ఫు చేసుకున్న కాయ అన్నమాట. ఇది తెలిశాక నేను బొంత మధ్యలో అక్షరాలకీ అంకెలకీ నడుమ ఖాళీని ఆ వల డిజైన్‌తోనే నింపాను. ఎక్కడా తిన్నటి గీత ఉండదు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవచ్చు, చెయ్యి వణికినా అందమే. ఆ గరుకు వలలో మట్టి, క్రిములు దాక్కుంటాయి కాబట్టి కోసే ముందు కాయను రుద్ది కడగడం మాత్రం మర్చిపోకండి. కత్తి ఆ మురికిని నేరుగా గుజ్జులోకి తీసుకెళ్తుంది.

తినే పద్ధతిలో మా ఇంట్లో రెండు పార్టీలు. ఖర్బూజ ముక్కల మీద చక్కెర చల్లి అరగంట మూత పెట్టి, ఊరిన రసంతో సహా తాగే పార్టీ నాన్నది. ఏమీ కలపకుండా తినే పార్టీ నాది. పండితే పగిలిపోయి పిండిపిండిగా ఉండే దోసపండుకి మాత్రం బెల్లం ఉండాల్సిందే, దీంట్లో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అన్నట్టు, మనం పప్పులో వేసుకునే పసుపు దోసకాయ, ఈ ఖర్బూజ, ఈ దోసపండు.. శాస్త్రం ప్రకారం మూడూ ఒకే జాతి. సలాడ్‌లో వేసే కీరా వేరే జాతి. వంకర టింకరగా ఉన్నా మన భాషకి ఈ చుట్టరికం ముందే తెలుసు, పండుకీ కాయకీ 'దోస' అనే పేరు పెట్టుకుంది.

పండు తిన్న చేతులతో బొంత ముట్టుకోవడం నిషేధం. ఆ చక్కెరకి చీమలు, చీమల వెనక మరకలు. చేతులు కడిగి చూపిస్తేనే జేజి సూది ఇస్తుంది.

'ఖర్బూజ' అని కూడా ఒక గడిలో కుట్టాను. ఖకీ, జకీ తలకట్టు లేదు. ఒక్క 'ర' దగ్గర, దాని కింద బ వత్తు దగ్గర మాత్రమే సూది ఎత్తాలి. వాడుకలో మనమంతా 'కర్బూజ' అనే అంటాం కానీ, అలా కుడితే ఇంకో తలకట్టు పెరుగుతుంది. వ్యాకరణం కంటే సోమరితనమే ఖను కాపాడింది.

ఇది ఎవరిది?

బట్ట మీద అక్షరం మొదట అందం కోసం రాలేదు. ఇది ఎవరిది అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చింది. యూరప్‌లో, అమెరికాలో ఆడపిల్లలకు చిన్నప్పుడే గుడ్డ మీద అక్షరమాల, అంకెలు కుట్టడం నేర్పేవాళ్లు. పెద్దయ్యాక ఇంట్లో దుప్పట్లకూ తువాళ్లకూ పొడి అక్షరాలు, వరస నంబర్లు కుట్టడానికి ఆ చదువు. చాకిరేవు నుంచి వచ్చినప్పుడు లెక్క తేలాలి కదా. మన దగ్గర చాకలివాళ్లు ఇదే పని నల్లజీడి గింజతో చేసేవాళ్లు. దాని రసం బట్ట మీద పెడితే ఉతికినా పోదు. ఇంటింటికీ ఒక గుర్తు. చుక్కలు, గీతలు, ఇంటూ మార్కులు. ఆ గింజకి ఇంగ్లిష్‌లో పేరే మార్కింగ్ నట్.

ఈ ప్రశ్న ఎంత బరువెక్కగలదో చూడాలంటే 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానం గుర్తుచేసుకోవాలి. ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల పేర్లు కుట్టిన 1,920 బట్ట పలకలను అక్కడ నేల మీద పరిచారు. ఒక్కోటీ 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. దాదాపు ఒక సమాధి అంత. ఆ రోగంతో పోయినవాళ్ల పేరు బయటికి చెప్పడానికి ఇళ్లలోవాళ్లే జంకుతున్న రోజులవి. స్నేహితులు, తల్లులు కూర్చుని అక్షరం అక్షరం కత్తిరించి కుట్టారు. ఆ బొంత ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. పలకలు దాదాపు 50,000కి చేరాయి.

జేజి కుట్టిన బొంతల మీద ఎప్పుడూ పేరు లేదు. ఆమెకు చదవడం రాదు. బ్యాంకులో ఇప్పటికీ వేలిముద్రే. కానీ ఏ బొంత ఎవరిదో ఆమెకు తెలుసు. ఒక మూల చిన్న ముక్క వేరే రంగు బట్టతో అతుకు వేసి దాని మీద గుర్తు పెడుతుంది. "రెండు గీతలుంటే పెద్దత్తది. మామిడి పిందె ఉంటే మీ నాయనది" అని నాకు ఈ ఎండాకాలమే చెప్పింది. మా ఇంట్లో ఆ బొంత కప్పుకునే నేను పెరిగాను. ఆ పిందెను ఇన్నేళ్లూ డిజైన్ అనుకున్నా.

అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. గంప దించిన చోట తూకం రాళ్ల మీద చూసి నేర్చుకుంది. రూపాయి నోట్ల మీద, క్యాలెండర్‌లో, బస్సు మీద, చివరికి ఫోన్ కీప్యాడ్ మీద. అచ్చులన్నీ కుట్టడం పూర్తయ్యాక బొంత చూపిస్తే, వాటి మీదుగా ఆమె చూపు అలా జారిపోయింది. కింద వరసలోకి వచ్చి ఆగింది. వేలుపెట్టి "ఒకటి, రెండు, మూడు.." అని తొమ్మిది దాకా చదివి, తెలుగు అంకెల వరస దగ్గర మళ్లీ ఆగిపోయింది.

"ఇవేందిరా? వంకర్లు పోయినాయి."

"అవీ అంకెలే జేజీ. మన తెలుగువి."

"మనవైతే నాకెందుకు తెలీవు?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా జవాబు కోసం ఆగలేదు. బొంతను తిరగేసింది. వెనకవైపు అక్షరాలన్నీ అద్దంలోలా తిరగబడి ఉంటాయి. నాకు అటువైపు చూస్తే తల తిరుగుతుంది, ఆమెకు రెండు వైపులూ ఒకటే. అంకెలను మాత్రం "ఇవి తిరగబడినాయి" అని వెంటనే పట్టేసింది. మూలన ఖాళీగా ఉన్న జాగా చూపించింది.

"ఈడ నంబరు కుట్టు."

"ఏ నంబరు?"

"ఫోను నంబరు. పిల్ల యాడన్నా తప్పిపోతే ఎవురి పిల్లో ఎట్ల తెలుస్తాది?"

అమెరికాలో ఉయ్యాలలో పడుకునే పిల్ల బొంత కప్పుకుని తప్పిపోదని చెప్పి చూశాను. తిరణాళ్లలో పిల్లలు తప్పిపోయిన కథలు రెండు చెప్పింది. సరే అక్క నంబర్ కుడతానన్నాను. వద్దంది. నాన్నది? వద్దంది.

"నాది కుట్టు. మీరంతా ఆరు నెలలకొకసారి నంబర్లు మారుస్తాంటారు. నాది పదేండ్ల నుంచి అదే."

ఆమె నంబర్ ఆమెకు నోటికి వచ్చు. ఒక్కో అంకె చెప్తుంటే నేను చాక్‌తో రాసుకున్నాను, ఆమె పక్కన కూర్చుని రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. అక్షరాల విషయంలో ఒక్క మాట చెప్పని మనిషి, 7 మెడ కొంచెం వంగిందని తుడిపించి మళ్లీ రాయించింది. మిషన్ మీద ఆ పది అంకెలు కుట్టడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒకదాని తోక నుంచి ఇంకోదాని తలకి కింది గీత మీదుగా దారం వెళ్లిపోయింది.

అంతా అయ్యాక గుర్తొచ్చింది, అక్కడి నుంచి చేయాలంటే ముందు ప్లస్ 91 ఉండాలి. జేజికి చెప్పాను. ఆ కూడిక గుర్తు ఎందుకని అడిగింది. దేశం దాటితే పెట్టాలి అన్నాను. "పెట్టు మరి" అంది.

9, 1 సూది ఎత్తకుండానే వచ్చేశాయి. ఆ ప్లస్ మాత్రం రాదు. నాలుగు కొసలు, నాలుగూ బేసి. ఎడమ కొస నుంచి నడిమధ్యకి వచ్చి, పైకెక్కి, వచ్చిన దారినే మళ్లీ మధ్యకి దిగి, కిందకి పోయి, మళ్లీ మధ్యకి వచ్చి, అప్పుడు కుడికి వెళ్లాలి. పైన, కింద దారం రెండు వరసలు పడి కొంచెం లావుగా కనిపిస్తుంది. జేజి దాన్ని వేలితో తడిమి, ఇదొక్కటి గట్టిగా కుట్టినావు అంది. కత్తెర తీసుకుని దారం కొస తనే కత్తిరించింది. పిన్నీసులు తీసి డబ్బాలో వేసుకుని, అంచుల కుట్టు మొదలుపెట్టడానికి పెద్ద సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది.